‘ఆఁ’ తర్వాత

లియోనీ చేసిచ్చిన టీ డార్సీ ఈసారీ ముట్టుకోలేదు.

అడిగినప్పుడు మాత్రం "ఆఁ" అంటాడు. ఆమె వెంటనే లేచి కెటిల్ పెడుతుంది. రెండు పిడులున్న అతని కప్పులో టీ పోసి, వంపు గొట్టం వేసి, చక్రాల కుర్చీకున్న బల్ల మీద నోటికి అందేంత దగ్గరగా పెడుతుంది. అతను కప్పు వంకా చూడడు, ఆమె వంకా చూడడు. కిటికీలోంచి కొండ కింద రేవులో కుప్పలు పోసిన చెక్కపొట్టు మీద వాన పడుతుంటే చూస్తూ కూర్చుంటాడు. కాసేపటికి టీ మీద తెట్టు కడుతుంది.

గిట్టని మనిషి చేతి నీళ్లు గొంతు దిగవు. ఇతనికి నా మీద నమ్మకం లేదు అనుకుంది లియోనీ. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆ ఇంట్లో ఆమె మాత్రం ఎవర్ని నమ్ముతోంది కనుక!

లియోనీ సపోర్ట్ కోఆర్డినేటర్. వికలాంగులకు ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని ఎవరి దగ్గర, ఏ రకంగా తీసుకోవాలో కుదిర్చిపెట్టి, ఆ మనిషి తరఫున నిలబడి మాట్లాడటం ఆమె పని. మొన్నమొన్నటిదాకా ఈ పనే పెద్ద సంస్థలో చేసింది. అక్కడ ఎవరికి ఏం కావాలన్నా దారి తిరిగి తిరిగి ఆ సంస్థ గుమ్మంలోకే వచ్చేది. అది చూడలేక బయటికొచ్చేసింది. ఇప్పుడామె ఎవరి మనిషీ కాదు. కారు వెనక సీటే ఆఫీసు. డార్సీ ఆమెకు మొదటి మనిషి, ఇప్పటికి ఉన్న ఒకే ఒక్క మనిషి కూడా.

డార్సీకి యాభై దాటాయి. పుట్టినప్పటి నుంచీ ఒంటి మీద పట్టు లేదు. చేతులు అతను చెప్పిన మాట వినవు, నోరు సగం వింటుంది. ఇన్నాళ్లూ తల్లి బెరిల్ చూసుకుంది. శీతాకాలం రాకముందే ఆమె పోయింది. ఇప్పుడు అతను ఎక్కడుండాలన్నది ప్రశ్న. ఆ సంగతి శుక్రవారం మీటింగులో తేలాలి. పక్క ఊళ్లో ఆ పెద్ద సంస్థవాళ్లకే ఒక ఇల్లుంది. ముగ్గురు మగవాళ్లు అందులో ఉంటున్నారు, నాలుగో గది ఖాళీగా ఉంది. అందరూ ఆ గది మాటే మాట్లాడుతున్నారు.

అందరికన్నా ఎక్కువ మాట్లాడేది డార్సీ అక్క గ్లెనిస్. దీవికి ఆ చివరనున్న హోబర్ట్ నుంచి వచ్చి ఇక్కడే మకాం పెట్టింది. లియోనీ వచ్చేసరికి ఆమె ముందుగదిలో నేల మీద చతికిలబడి, తల్లి పింగాణీ సామాను పాత పేపర్లలో చుట్టి అట్టపెట్టెల్లో సర్దుతోంది.

"అప్పుడే సర్దేస్తున్నావా?" అంది లియోనీ. "శుక్రవారం ఇంకా రాలేదుగా."

"వీణ్ని చూసుకోవడానికొచ్చే పని మనుషులు వారానికొకరు మారుతున్నారు. వచ్చినవాడల్లా ఒక కప్పు పగలగొట్టి పోతున్నాడు. సర్దకపోతే శుక్రవారం దాకా మిగిలేవి పెంకులే." గ్లెనిస్ తలెత్తకుండానే ఒక సాసరు చుట్టింది. "అయినా వాడు ఒప్పుకున్న తర్వాత ఆగేదేముంది?"

"ఒప్పుకున్నాడా?"

"నువ్వే అడుగు. అందుకే కదా పిలిచింది. సంస్థ మనిషైతే సంస్థ పాటే పాడుతుందని రేపు నలుగురూ అనకూడదని, ఏ సంస్థా లేనిదాన్ని వెతికి మరీ పట్టుకున్నాను."

అంటే డార్సీ ఒప్పుకున్నాడన్న కాగితం మీద తన సంతకం కోసం పిలిచిందన్నమాట, సలహా కోసం కాదు. లియోనీకి లోపల చురుక్కుమంది. కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని అడిగింది.

"డార్సీ, ఆ ముగ్గురుంటున్న ఇంటికి వెళ్లడం నీకిష్టమేనా?"

అతని గడ్డం ఒకసారి పైకి లేచింది. మెడ నరం బిగిసింది. "ఆఁ" అన్నాడు.

"విన్నావుగా," అంది గ్లెనిస్ పెట్టె మూత మూస్తూ. పెట్టెకి టేపు అంటిస్తుంటే చర్రుమని చప్పుడు గదంతా నిండింది. డార్సీ నోరు ఇంకా తెరిచే ఉంది. పెదవులు వణుకుతున్నాయి. అది జబ్బు లక్షణమనుకుని లియోనీ లేచి నిలబడింది.

ఆమె కళ్లు మాత్రం పెట్టెల మీదే ఉన్నాయి. తల్లి పోయిన ఇంట్లో తమ్ముడిని పంపించెయ్యడానికి ఇంత తొందర ఎవరికుంటుంది? ఇల్లు ఖాళీ కావాల్సినవాళ్లకే ఉంటుంది. కొండ మీద, సముద్రం కనపడే ఇల్లాయె.

"టీ తాగుతావా, గ్లెనిస్?"

"ఆఁ, వద్దులే. ఇందాకే తాగాను."

మర్నాడు ఆ నాలుగో గది చూడటానికి బయల్దేరారు. కుర్చీ ఎక్కే వ్యానులో డార్సీ, గ్లెనిస్ వెళ్తుంటే వెనక తన కారులో లియోనీ. తీరం వెంబడి గాలి కారును పక్కకి తోస్తోంది. ఎర్రమట్టి చేలల్లో బంగాళదుంపలు తీసిన చాళ్లు నీళ్లతో నిండి ఉన్నాయి.

బ్రెంటన్ గుమ్మంలోనే ఎదురొచ్చాడు. ఆ ఇళ్లన్నింటికీ అతనే మేనేజరు. లియోనీ సంస్థలో ఉన్నప్పుడు పక్క బల్ల దగ్గరే కూర్చునేవాడు. చొక్కా జేబు మీద సంస్థ గుర్తు, మొహం మీద ఎప్పుడూ ఆరని నవ్వు.

"ఏం లియోనీ, సొంత దుకాణం ఎలా సాగుతోంది? గిరాకీ లేకపోతే నీ కుర్చీ ఇంకా అలాగే ఉంచాం."

"ఉంచండి. ఎవరైనా కాలు బెణికినవాళ్లు కూర్చుంటారు."

అతను పెద్దగా నవ్వేసి డార్సీ కుర్చీ పిడులు పట్టుకున్నాడు, అడక్కుండానే. డార్సీ కుర్చీకి మోటారు ఉంది. బొటనవేలితో తనే నడుపుకోగలడు. లియోనీ నోరు తెరిచేలోపే బ్రెంటన్ అతన్ని హాల్లోకి తోసేశాడు. టీవీ ముందు ముగ్గురు మగవాళ్లున్నారు. ఒకాయన చెయ్యెత్తి పలకరించాడు. ఇల్లు శుభ్రంగానే ఉంది. గోడ మీద వంతుల పట్టిక: సోమవారం కోడిమాంసం, మంగళవారం పాస్తా. స్నానాలకీ వంతులే.

"ఇదిగో గది. కిటికీ, అలమర, మంచం మీంచి ఎత్తే యంత్రం, అన్నీ ఉన్నాయి. ఎలా ఉంది డార్సీ, నచ్చిందా?"

"ఆఁ."

"శభాష్!" బ్రెంటన్ అతని భుజం తట్టి అప్పటికే గుమ్మం వైపు తిరిగాడు. "పదండి, తోట చూద్దాం."

డార్సీ మెడ మళ్లీ బిగిసింది. అతని కళ్లు బ్రెంటన్ వీపు మీద ఉన్నాయి. ఈ చూపు ఎక్కడో చూశానే అనిపించింది లియోనీకి. ఎక్కడో అర్థం కాలేదు. బస్సు తప్పిపోయిన మనిషి చూపులా ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు బేకరీ దగ్గర ఆగారు. లియోనీ కారులోంచే చూసింది. బ్రెంటన్ కారు కూడా అక్కడే ఆగి ఉంది. గ్లెనిస్, అతను చూరు కింద నిలబడి కాగితం సంచుల్లోంచి స్కాలప్ అనే గవ్వచేప కూరిన పైలు తింటూ తలలు దగ్గరపెట్టి మాట్లాడుకుంటున్నారు. వ్యానులో డార్సీ ఒక్కడే అద్దం వెనక కూర్చుని ఉన్నాడు.

ఓహో, ఇదా సంగతి అనుకుంది లియోనీ. అతనికి గది నిండాలి. ఆమెకి ఇల్లు ఖాళీ కావాలి. వీళ్లిద్దరి మధ్యా నా సంతకం ఒక్కటే బాకీ.

ఆ సాయంత్రం ఇంటికెళ్లాక కూడా ఆ దృశ్యం కళ్లముందు నుంచి కదల్లేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం కాదామె. కాకపోతే ఈ కుందేలుకి నాలుగో కాలు ఎంత వెతికినా కనపడలేదు. ఒకటే చిక్కు. డార్సీ అందరి ముందూ "ఆఁ" అంటున్నాడు. మనిషే ఒప్పుకుంటే అతని తరఫున కాదనడానికి తనెవరు?

గురువారం గాలి ఇంకా ముదిరింది. లియోనీ వచ్చేసరికి గ్లెనిస్ లేదు, మందుల దుకాణానికి వెళ్లింది. పొద్దున వచ్చిన పని మనిషి డార్సీకి గడ్డం గీసి, మెడ దగ్గర సబ్బు నురగ అలాగే వదిలేసి పోయాడు. లియోనీ "తుడవనా?" అని అడిగి తడిగుడ్డ తెచ్చి తుడిచింది.

పక్కనే అలమరలో మాట్లాడే యంత్రం దుమ్ము కొట్టుకుని ఉంది. కంటితో అక్షరాలు ఎంచితే అదే పైకి చదువుతుంది. దాన్ని వాడవా అని మొదటిరోజే అడిగితే అతను ఒకటే వాక్యం చదివించాడు. యంత్రం లండను దొరసాని గొంతుతో "ఈ గొంతుతో మాట్లాడితే మా ఊళ్లో నన్ను తంతారు" అంది. ఆ తర్వాత మళ్లీ దాని జోలికి పోలేదు.

"టీ తాగుతావా డార్సీ?" అలవాటుగా అడిగింది.

"ఆఁ."

కెటిల్ మీట నొక్కింది. బెరిల్ కాలం నాటి కెటిల్ అది, నొక్కగానే గుర్రుమని ఇల్లెగరగొడుతుంది. ఇవాళ కిమ్మనలేదు. మళ్లీ నొక్కింది. ఫ్రిజ్ కూడా మూగబోయింది. గాలికి ఎక్కడో తీగ తెగినట్టుంది, కరెంటు పోయింది. ఆమె చెయ్యి కెటిల్ మీద అలాగే ఉండిపోయింది.

ఆ నిశ్శబ్దంలో వెనక నుంచి ఊపిరి లోపలికి లాగుతున్న చప్పుడు వినిపించింది. బావిలోంచి నిండు చేద తోడుతున్నంత కష్టంగా.

"...వద్దులే."

లియోనీ వెనక్కి తిరిగింది. డార్సీ ఆమె వంకే చూస్తున్నాడు. మొదటిసారిగా.

ఆ దీవిలో ఎవరూ మొహం మీద కాదనరు. ఇంకో ముక్క కేకు వేసుకో అంటే ‘ఆఁ, వద్దులే’. ఈ వాన ఆగుతుందా అంటే ‘ఆఁ, ఆగదులే’. ఎదుటివాడి మాట ముందు అందుకుని, ఆ వెంటనే మెల్లగా కిందపెట్టేస్తారు. ఒకే ఊపిరిలో రెండూ అయిపోతాయి, ఎవరికీ పొరపాటు రాదు. డార్సీ కూడా ఆ గడ్డ మీద పుట్టినవాడే, అలాగే మాట్లాడతాడు. కానీ అతనికి ఊపిరికి ఒక్క మాటే వస్తుంది. రెండో మాటకి రెండో ఊపిరి కావాలి. ఈలోగా జనం కెటిల్ పెట్టేస్తారు, పెట్టెకి టేపు వేసేస్తారు, తోట చూడటానికి వెళ్లిపోతారు.

లియోనీ స్టూలు లాక్కుని కూర్చుంది. చేసిన టీలన్నీ గుర్తొచ్చాయి. అతను ఒక్కసారీ అడగని టీలు.

"కిటికీ వెయ్యనా?" అంది, పరీక్షగా.

"ఆఁ."

ఆగింది. ఏమీ రాలేదు. ఇంకా ఆగింది. డార్సీ కిటికీ వంకా ఆమె వంకా మార్చి మార్చి చూశాడు, చలికి చస్తుంటే ఇదేం మనిషిరా అన్నట్టు. ఆమె గబుక్కున లేచి కిటికీ వేసింది. అతని నోరు ఒక పక్కకి లాగింది. నవ్వాడు.

అప్పుడు అసలుది అడిగింది. కుర్చీ ముందు కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, "బ్రెంటన్ చూపించిన ఆ ఇల్లు. అక్కడికి వెళ్తావా?"

"ఆఁ."

గాలి చూరు కింద ఊళ పెడుతోంది. అతని మెడ బిగిసింది, భుజం ఎగిరింది, నోరు తెరుచుకుంది.

"...వద్దు...లే."

లియోనీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపమూ వచ్చింది. ఎన్నాళ్లుగా అంటున్నాడో ఈ మాట! అతని చెయ్యి నొక్కి, "ఇక చూసుకో, నీ ఇంట్లోంచి నిన్నెవరు కదుపుతారో చూస్తాను" అని కోటు అందుకుంది. అతను ఇంకేదో చెప్పబోయాడేమో. ఆమె అప్పటికే ఫోను తీసి కారు వైపు నడుస్తోంది.

మధ్యాహ్నమంతా కారులో కూర్చుని ఫోన్లు చేసింది. పొద్దునకొకరు, సాయంత్రానికొకరు, మారకుండా వచ్చేవాళ్లు కావాలి. రాత్రి పడుకోవడానికి ఒకరు కావాలి. వెనక గుమ్మం దగ్గర చక్రాల కుర్చీ దిగేలా వాలుబల్ల వేసే వడ్రంగి కావాలి. సాయంత్రానికి ప్రతి ఒక్కటీ కుదిరింది. అంత పని ఒక్కరోజులో సంస్థలో ఎన్నడూ చెయ్యలేదు. స్టీరింగ్ మీద దరువేసింది కూడా.

తిరిగి వచ్చి గ్లెనిస్‌తో చెబితే ఆమె చేతిలో ఉన్న కప్పును ఠపీమని బల్ల మీద పెట్టింది.

"వాడు వద్దన్నాడా? నాతో ఒక్కనాడూ అనలేదే! నీతోనే అన్నాడా, నిన్నగాక మొన్నొచ్చినదానితో?"

"నీతోనూ అన్నాడు. నువ్వు వినలేదు."

"అమ్మా లియోనీ, కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా? వాడు ఇక్కడుంటే రోజూ మనుషుల్ని పంపాలి, మార్చాలి, ఫోన్లు చెయ్యాలి. నీ దుకాణం నడుస్తుంది. సంస్థ ఇంటికి పోతే నీకింకేం పనుంది?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, లియోనీ మొహం వేడెక్కింది. "బేకరీ దగ్గర బ్రెంటన్‌తో ఏం మాట్లాడావు? ఇల్లు ఎప్పుడు ఖాళీ అవుతుందనా?"

గ్లెనిస్ ఆమె వంక వింతగా చూసింది. "ఇల్లా? అమ్మ ఈ ఇల్లు మొత్తం వాడి పేరే రాసింది. ఎవర్నైనా అడిగావా? బేకరీ దగ్గర బ్రెంటన్‌ని, రాత్రిపూట వాడు పొలమారితే లేచే మనిషి ఆ ఇంట్లో ఉంటాడా లేదా అని అడిగాను. అమ్మ లేచేది. నేను హోబర్ట్ నుంచి లేవలేను కదా."

లియోనీకి సిగ్గేసింది. కెటిల్ సంగతి చెప్పింది, తగువులా కాదు, మామూలుగా. గ్లెనిస్ నమ్మలేదు. విసురుగా లేచి వెళ్లి డార్సీ ముందు నిలబడింది.

"ఒరేయ్, ఇదంతా నిజమేనట్రా? బాగున్నావా నువ్వు?"

"ఆఁ."

గ్లెనిస్ కదల్లేదు. పొయ్యిలో కట్టె చిటపటలాడింది. డార్సీ ఊపిరి లాగాడు.

"...లేదులే."

గ్లెనిస్ నోటికి కొంగులా స్వెట్టరు చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అమ్మ ప్రతి ఆదివారం ఫోను వాడి చెవి దగ్గర పెట్టేది," అంది. "బాగున్నావురా అనేదాన్ని. ఆఁ అనేవాడు. సరే ఉంటాను అని పెట్టేసేదాన్ని."

లియోనీ కోటు వేసుకుంటుంటే గ్లెనిస్ నేల మీద కూర్చుని ఒక పెట్టె టేపు ఊడదీస్తోంది.

శుక్రవారం మీటింగు డార్సీ ఇంట్లోనే. బల్ల మీద లాప్‌టాప్ తెరలో ప్రభుత్వ సాయం మంజూరు చేసే ప్లాన్ ఆఫీసు నుంచి ఒకామె కనిపిస్తోంది. బ్రెంటన్ కొత్త టై కట్టుకుని వచ్చాడు. లియోనీ మొదటే చెప్పేసింది. "డార్సీని ఏదడిగినా ఆఁ అన్న తర్వాత కాసేపు ఆగండి. సమాధానం ఆ తర్వాత వస్తుంది."

బ్రెంటన్ నవ్వాడు. "మేమంతా డార్సీ మాట వినేవాళ్లమే. ఏం డార్సీ, మా ఇంటికి వస్తున్నావుగా?"

"ఆఁ."

బ్రెంటన్ తెర వైపు తిరగబోయి, లియోనీ చూపు చూసి ఆగాడు. ఆగడం అతనికి చేతకాదు. గొంతు సవరించుకున్నాడు, టై సర్దుకున్నాడు. తెరలో ఆవిడ పెన్ను కిందపెట్టింది.

"...వద్దులే."

బ్రెంటన్ నవ్వు మొదటిసారి ఆరిపోయింది. "లేదు, మొన్న... నాతో స్వయంగా..." అని ఆగిపోయి, అరచేతుల్లోకి చూసుకున్నాడు. దొరికిపోయిన దొంగలా లేడు. నిజంగానే వినలేదు పాపం.

లియోనీ గుండె తేలికైంది. కుర్చీ ముందుకు జరుపుకుని, తను కుదిర్చినవన్నీ తెరలో ఆవిడకి ఒక్కొక్కటే చెప్పింది. పొద్దున వచ్చే మనిషి, రాత్రి పడుకునే మనిషి, వాలుబల్ల. చెబుతుంటే తనకే ముచ్చటేసింది. చివరికి డార్సీ వైపు తిరిగింది.

"అయితే డార్సీ, నీ ఇంట్లో నువ్వే ఉంటావు. అంతేగా?"

"ఆఁ."

"విన్నారుగా," అంది లియోనీ తెరతో. పెన్ను అందుకుంది.

గ్లెనిస్ చెయ్యి వచ్చి ఆమె మణికట్టు మీద పడింది. గట్టిగా.

"ఆగు. వాణ్ని ఊపిరి తీసుకోనీ."

లియోనీ తల తిప్పింది. డార్సీ గడ్డం పైకి లేచి ఉంది, మెడ నరం బిగిసి ఉంది, నోరు తెరిచే ఉంది. అతని కళ్లు ఆమె వీపు ఉన్న చోటనే ఇంకా నిలిచి ఉన్నాయి. నాలుగో గదిలో బ్రెంటన్ వీపు మీద నిలిచిన చూపు అదే. పెన్ను ఆమె వేళ్ల మధ్య బరువెక్కింది. గదిలో ఎవరూ కదల్లేదు.

"...వద్దులే."

లియోనీ మొహంలోకి నెత్తురంతా పొంగుకొచ్చింది. నిన్నటినుంచీ ఊరందరికీ ఆగమని చెబుతున్న మనిషి, తనకు కావలసిన మాట వినపడగానే ఆగలేదు. ఇంట్లో ఉంటావా అని అసలు అతన్ని అడిగింది ఎప్పుడు? ఫోన్లన్నీ చేసేసిన తర్వాత, ఈ నిమిషాన. అదీ అడగడం కాదు, చెప్పడం.

డార్సీ మళ్లీ ఊపిరి లాగుతున్నాడు. ఇంకో మాట ఉంది. అందరూ ఆగారు.

"అమ్మ..."

ఆగారు.

"...లేదు."

గ్లెనిస్ తల దించుకుంది. ఆ ఇంట్లో ప్రతి కప్పూ, ప్రతి కర్టెనూ బెరిల్‌వే. వాటి మధ్య ఆ మనిషి రోజల్లా కిటికీలోంచి బయటికెందుకు చూస్తూ కూర్చుంటాడో, అదొక్కటీ వాళ్లలో ఎవరికీ అడగాలని తోచలేదు.

"మరి ఎక్కడుంటావు డార్సీ?" అంది లియోనీ. పెన్ను బల్ల మీద పెట్టేసింది. "నీ మనసులో ఏ చోటుంది?"

ఈసారి "ఆఁ" రాలేదు. అతను చాలాసేపు ఆమెనే చూశాడు, నమ్మొచ్చా లేదా అని తూస్తున్నట్టు. ఆ చూపు కింద కూర్చోవడం కష్టంగానే ఉంది. ఆమె కూర్చుంది. తెరలో ఆవిడ గడియారం చూసుకోబోయి మానేసింది.

"చూ..." అన్నాడు డార్సీ. ఊపిరి అందలేదు. మళ్లీ తీసుకున్నాడు.

"...పించు."

"ఏం చూపించాలి?" అన్నాడు బ్రెంటన్ అర్థం కాక.

లియోనీకి అర్థమైంది. యాభై దాటిన మనిషికి ఇంతవరకూ చూపించింది ఒక్క గది. ఎంచుకోమని అతని ముందు పెట్టినవి రెండే, ఒకటి బ్రెంటన్ అనుకున్నది, రెండోది తను అనుకున్నది.

"రేపు వ్యానులో వెళ్దాం," అంది. "ఎటు వెళ్లాలో నువ్వే చెప్పు. ముందు ఎటు?"

అడిగి, నోరు మూసుకుని కూర్చుంది.